నాయనమ్మ కట్టేసిన కుళాయి

"రేపు ఫ్రీజ్ వార్నింగ్ ఉంది, నీళ్లు గడ్డకట్టే చలి. ట్యాపులు సన్నగా వదిలిపెట్టు. ఇంట్లో అందరికీ చెప్పు, తెలీక ఎవరైనా కట్టేస్తారు," అని నాన్న ఫోన్ చేశాడు. సింకులో అప్పటికే దారంలా పడుతున్న నీళ్లను చూస్తూ సరేనన్నాను.

నా చిన్నప్పుడు ఈ దేశంలోనే, మేమున్న కాపెల్ ఊళ్లో కూడా ఒక చలి రాత్రి నాన్న ట్యాపులు ఇలాగే వదిలాడు. "డ్రిప్ చేయకపోతే పైప్స్ ఫ్రీజ్ అయి పగులుతాయి," అని అమ్మతో అన్నాడు. ఒంగోలు నుంచి మమ్మల్ని చూడ్డానికొచ్చిన నాయనమ్మకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎప్పుడో వచ్చే కుళాయి నీళ్లను బిందెల్లో పట్టి దాచుకునే మనిషి ఆమె. పడుకోబోయే ముందు అన్నీ గట్టిగా కట్టేసింది.

మర్నాడు పైపు పగిలి వంటింటి సీలింగ్ ఊడిపడింది. "ఎవరు కట్టమన్నారు నిన్ను? ఇది మీ ఊరనుకున్నావా?" అని నాన్న అరిచాడు. ఆ ఊరు ఆయనది కూడా.

"నీళ్లు పోతున్నాయనిరా..." అంది నాయనమ్మ, తడి కార్పెట్ మీద నిలబడి.

పైపు బాగయ్యాక, దాహమేసినప్పుడల్లా ఆమె ఖాళీ గ్లాసుతో నా దగ్గరికొచ్చేది. "కుళాయి తిప్పనా, తల్లీ?" అని అడిగేది. అదేదో కొత్త ఆట అనుకున్నాను. ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపి, "ఓకే, నాయనమ్మా!" అనేదాన్ని. ఆమె ఒంగోలు వెళ్లిపోయే రోజు దాకా ఆడాం.

అది ఆట కాదని నాకు అర్థమయ్యేసరికి నాయనమ్మ లేదు. అందరికీ చెప్పమని నాన్న ఇప్పుడు నాకు చెబుతున్నాడు.