నాలుగంగుళాలు తగ్గిన దర్వాజా

మా ముందు పోర్షన్‌లో అద్దెకు దిగేవాళ్లకు నేను పెట్టే షరతు ఒక్కటే: గోడకు మేకు కొట్టకూడదు. క్యాలెండర్ అయినా సరే, కిటికీ ఊచకు కట్టుకోవాల్సిందే. జహీరాబాద్‌లో ఈ ఇల్లు కట్టినప్పుడు ప్రతి గోడకూ నా చేతులతో నీళ్లు పట్టాను. ఆ సంగతి తెలియక అందరూ నన్ను గయ్యాళి అనుకుంటారు. అనుకోనీ.

గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆ మొగుడూ పెళ్లాలు మాత్రం రెండేళ్లలో ఒక్క మేకూ కొట్టలేదు. అతను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే పని చేస్తాడు. ఆమెకు హైవే పక్కన చెరుకురసం బండి పెట్టుకోవాలని ఆశ. వాకిట్లో బండి చేయించుకుంటామని అడిగితే, ముగ్గు పాడవుతుందని నేనే ఒప్పుకోలేదు. దాంతో ముందు గదిలోనే మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం వెల్డింగే. రవ్వలు పడి నా షాబాదు బండలన్నీ నల్లటి మచ్చలు. వీధంతా వినేలా తిట్టాను. ఆమె మచ్చల మీద చాప పరిచి, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తాగాను గానీ కోపం పోలేదు.

శివరాత్రి మర్నాడు బండి బయటికి తీశారు. బస్సులు ఆగే దగ్గర చోటు దొరికింది. సాయంత్రంలోగా బండి తెచ్చి పెట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆ స్థలం ఆసామి ముందే చెప్పాడు. నలుగురు కలిసి తోస్తే అది దర్వాజా దగ్గర ఆగిపోయింది. వాల్చి చూశారు, నిలబెట్టి చూశారు, చక్రాలు కూడా విప్పారు. ఊహూ.

నేను ఊరుకుంటానా?

"ఫ్యాక్టరీల దినమంత కొలుచుడేనంటివి. ఇంట్ల దర్వాజ కొలువనీకె రాలేదా నీకు?"

అతను జేబులోంచి నలిగిన చీటీ తీశాడు. "కొలిచానండి పిన్నిగారూ. మొదలుపెట్టిన రోజే కొలిచాను." చీటీ వైపు చూశాడు, దర్వాజా వైపు చూశాడు, నా వైపు చూశాడు. మర్యాదస్తుడు, చీటీ మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. నెల కిందట వాళ్లు పెళ్లికని ఊరెళ్లినప్పుడు, పాతదానికి చెదలు పట్టిందని కొత్త దర్వాజా పెట్టించింది నేనే. రెడీమేడ్‌ది చవగ్గా వస్తోందని నాలుగంగుళాలు తక్కువైనా తెచ్చి, మిగిలిన సందును ఇటుకలతో పూడ్పించాను. బండి నా కళ్లెదుటే ఉంది. మేస్త్రీకి టీ గ్లాసు పెట్టింది కూడా దాని మీదే.

"పోనీలెండి పిన్నిగారూ, బండినే మధ్యకు కోయించి మళ్లీ అతికిద్దాం. నాలుగు రోజులు, అంతే" అందామె. నాలుగు రోజులంటే ఆ చోటు పోయినట్టే.

నాకు సిగ్గేసింది. "ఏం గొయ్యొద్దు" అన్నాను. "నేను జేసిన తప్పుకు నీ బండెందుకు గొయ్యాలె? దర్వాజ తీసేద్దాం."

"మీ గోడండీ" అన్నాడతను.

"నా గోడే. అందుకే నేను జెప్తున్న. జర జల్ది మేస్త్రీకి ఫోన్ కొట్టు."

మేస్త్రీ వచ్చేదాకా కూడా ఆగలేక గడ్డపార పట్టుకున్నాను. మొదటి ఇటుక రాలినప్పుడు గుండె కలుక్కుమంది. మూడోది రాలేసరికి హుషారొచ్చింది. మధ్యాహ్నం మూడింటికి బండి వాకిట్లోకి దిగింది, సరిగ్గా నా ముగ్గు మీదుగా. ఆమె నన్ను గట్టిగా వాటేసుకుంది. నాకు ఇలాంటివి అలవాటు లేవు. అయినా విడిపించుకోలేదు.

బండిని దాని చోట నిలబెట్టి, పొద్దుగూకే వేళకు నవ్వుకుంటూ తిరిగొచ్చారు. ఇంటికి తలుపు లేదు. వడ్రంగి వారమన్నాడు. ఆమె దుప్పటి పట్టుకుని ఆ ఖాళీకి అటూ ఇటూ చూస్తోంది. "దీన్ని ఎక్కడ కట్టమంటారు పిన్నిగారూ? కిటికీ ఊచ అందట్లేదు."

నేను లోపలికెళ్లి సుత్తీ మేకులూ తెచ్చాను.

"ఇలా ఇవ్వండి, నేను కొడతాను" అన్నాడతను.

"జరుగు" అన్నాను.

రెండు మేకులూ నేనే కొట్టాను.