ఎడమవైపు కూత

మా క్లినిక్‌లో రహస్యాలు నిలవవు. తెనాలిలో చెవి వినపడనివాళ్ళకీ, కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళకీ పరీక్షలు చేసే చోటు మాది. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తూ గట్టిగా మాట్లాడీ మాట్లాడీ, మాకెవరికీ మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. మా కౌంటర్ అమ్మాయి కూరలో ఉప్పు తక్కువైందని మొగుడితో అంటే, పక్కవాటావాళ్ళు తగువనుకుని తలుపు కొట్టారట. కళ్ళు తిరిగేవాళ్ళను మంచం మీద పడుకోబెట్టి, తల పక్కకు వంచి చూసే అమ్మాయి రోజూ బాపట్ల నుంచి వస్తుంది. ఆ రైలుపెట్టెలో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. చెవుల పరీక్ష నాది. చాలా ఏళ్ళుగా నాదే.

పని మొదలుపెట్టే ముందు మాకొక పద్ధతుంది. పరీక్ష మిషన్ హెడ్‌ఫోన్స్ ముందు మేమే పెట్టుకుని, రెండువైపులా కూత సరిగ్గా వస్తోందో లేదో వినాలి. ఆ తర్వాతే మనిషిని లోపలికి పిలవాలి. ఆ గురువారం ఎడమవైపు కూత బాగా సన్నగా వచ్చింది. పెంచాను. ఇంకా పెంచితే గాని వినపడలేదు.

"ఎడమది పోయింది, ఇంజనీరుకి ఫోన్ చెయ్యి" అని కౌంటర్ అమ్మాయికి కేకేసి చెప్పాను.

ఇక్కడికొచ్చేసరికి నాకు తలెత్తుకోబుద్ధి కాదు. అలాంటప్పుడు హెడ్‌ఫోన్స్ తీసి, అటుది ఇటు పెట్టుకుని మళ్ళీ వినాలి. ఈ చదువులో మొట్టమొదట నేర్పేదే అది. కుడి చెవికి పెట్టినా సన్నగానే వస్తే తప్పు మిషన్‌ది, గట్టిగా వస్తే తప్పు చెవిది. నా చేతులు హెడ్‌ఫోన్స్ దాకా వెళ్ళాయి కూడా. తిప్పలేదు. మర్చిపోయానంటే ఎవరైనా నమ్ముతారు గాని నేను నమ్మను. కొన్నాళ్ళుగా ఫోన్ కుడిచెవికే పెట్టుకుంటున్నాను. భోజనాల దగ్గర అందరూ నాకు కుడివైపే ఉండేలా చోటు చూసుకుంటున్నాను. చెవులు చూసేదానికే చెవి వినపడదంటే మా గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆ ఉద్యోగం తప్ప నాకు మరో పని రాదు.

అప్పటికే బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పెనుమూడి నుంచి ఆటోలో రేపల్లె వచ్చి, అక్కడ రైలెక్కి వచ్చాడు. పరీక్ష అయితే అదే రోజు చెవి మిషన్ పెట్టి పంపిస్తాం మేము.

"మిషన్ పాడైంది తాతగారూ, ఎల్లుండి రండి" అన్నాను.

"ఆదివారం లోపల అయిపోతే బాగుండునమ్మా" అన్నాడాయన. "చర్చిలో పాట అయిపోయిన సంగతి నాకు తెలవట్లేదు. అందరూ ఆపేశాక కూడా నేనొక్కణ్ణే పాడుతున్నా. పిల్లలు నవ్వుతున్నారు."

శనివారం మళ్ళీ వచ్చాడు. ఇంజనీరు రాలేదు. మంగళవారం రమ్మని మళ్ళీ పంపేశాను. "ఏం చేస్తాం తాతగారూ, మిషన్లంటే అంతే" అని పైగా ఓదార్చాను కూడా.

సెలవులో ఉన్న బాపట్ల అమ్మాయి సోమవారం పనిలోకొచ్చింది. సంగతి విని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. విన్నది. తిప్పి పెట్టుకుని మళ్ళీ విన్నది.

"మిషన్ బాగానే ఉందక్కా" అంది.

"నీకు తెలీదు. ఒకసారి వస్తది, ఒకసారి పోతది" అని కసిరాను.

ఆమె మాత్రం, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించింది. "ఒక్కసారి లోపల కూర్చోండక్కా. చూద్దాం."

గాజు అద్దం వెనక, శబ్దం రాని ఆ గదిలో కూర్చున్నాను. చేతిలో బటన్. కూత వినపడ్డప్పుడల్లా నొక్కాలి. కుడిచెవి బాగానే అయింది. ఎడమది మొదలుపెట్టాక నాకేమీ వినపడలేదు. కానీ అద్దంలోంచి ఆమె కుడిభుజం కనపడుతోంది. కూత ఇచ్చినప్పుడల్లా ఆ భుజం కాస్త లేస్తుంది. అది లేచింది, నేను నొక్కాను. మళ్ళీ లేచింది, మళ్ళీ నొక్కాను. ఉద్యోగం సర్టిఫికెట్ కోసం వచ్చి, వినపడకపోయినా వినపడ్డట్టు దొంగాట ఆడే కుర్రాళ్ళను ఎన్నిసార్లు ఇలాగే పట్టుకున్నానో! వాళ్ళను పట్టుకోవడానికి కూత ఇవ్వకుండా ఊరికే భుజం కదపమని ఆమెకు నేర్పింది కూడా నేనే. ఆమె అదే చేసింది. నేను నొక్కాను.

ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చింది. నేను కూర్చున్న కుర్చీని నాతో సహా గోడవైపు తిప్పి వెళ్ళిపోయింది. బడిలో మూల నిలబెట్టిన పిల్లలా, గోడకంటించిన స్పాంజి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటి దాకా బటన్ నొక్కే అవసరం రాలేదు. ఏడుపొచ్చింది. చెవి పోయినందుకు కాదు, నొక్కినందుకు.

బయటికొచ్చాక ఆమె ఒకటే అడిగింది. "రేపు ఆ తాతగారొస్తారు. ఏం చెప్తారక్కా?"

నేను హెడ్‌ఫోన్స్ తుడిచి కొక్కేనికి తగిలించాను.

మర్నాడు హాలు నిండా జనం. పెద్దాయన నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "మిషన్ బాగయిందా అమ్మా?"

బాగయిందంటే సరిపోయేది. తన గది పరదా దగ్గర బాపట్ల అమ్మాయి నిలబడి ఉంది.

"మిషన్‌కేమీ కాలేదండి. పాడైంది నా చెవి" అన్నాను. ఇన్నేళ్ళలో నేను అంత మెల్లగా మాట్లాడింది అప్పుడే.

"ఏంటమ్మా?" అని ముందుకు వంగాడు.

మళ్ళీ చెప్పాను. "వినపళ్ళేదమ్మా" అన్నాడు. మా దగ్గరికొచ్చిన మనిషికి ఎలా వినపడుతుంది? ఊపిరి పీల్చుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పాను.

"మిషన్ బాగానే ఉంది తాతగారూ! నా ఎడమచెవి వినపడట్లేదు! అది ఒప్పుకోలేక మిమ్మల్ని తిప్పాను!"

కౌంటర్ అమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. ఆయన నా మొహంలోకి చూశాడు. పర్లేదులే అమ్మా అంటాడని ఎదురుచూశానని చెప్పడానికి కూడా సిగ్గుగానే ఉంది.

"అయితే మొన్న ఆదివారం నేను ఊరికే నవ్వులపాలయ్యానన్నమాట" అన్నాడు.

"అవునండి" అన్నాను.