పెనుకొండ నుంచి వచ్చిన గంప

మా మామకు పని చెప్పాలంటే ఒక్కటే చెప్పాలి. అది అయ్యాకే రెండోది. ఇది మా అవ్వ పెట్టిన చట్టం. "నీళ్ళు తే" అంటే తెస్తాడు. తొట్టి నిండి వాకిలంతా తడిసినా, అవ్వ చాలు అనేదాకా తెస్తూనే ఉంటాడు. "నీళ్ళు తెచ్చి, ఎనుముకు గడ్డేసి, అంగడికి పోయి రా" అన్నామా, బిందె పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంటాడు. మూడింటిలో ఏదీ జరగదు. అలిగి కాదు. మూడు దారాలు ఒక్కసారే బెజ్జంలోకి దూర్చమంటే సూది మాత్రం ఏం చేస్తుంది?

మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చిందీ కొంచెమే. ఐదు దాకా లెక్కపెడతాడు, ఆరు దగ్గర నవ్వుతాడు. మనిషి మాత్రం రాతి కంబం. పెనుకొండలో అవ్వతో ఉండేవాడు. మేము హిందూపురంలో ఉండేవాళ్ళం. నాయన బెల్లం మండీలో పని చేసేవాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఇదంతా కళ్ళతో చూసిందీ, పెళ్ళయ్యాక మా అత్తగారి నోట విన్నదీ.

పెనుకొండ వాళ్ళు ఆయనకు పెద్ద ఉపకారాలేమీ చేయలేదు. కాఫీ హోటలాయన పొద్దున్నే రెండు ఇడ్లీలు పెట్టి, గ్లాసులు కడగమనేవాడు. క్షవరం చేసే ఆయన, జుట్టు పెరిగినట్టు కనబడితే దారిలోనే పిలిచి కూర్చోబెట్టేవాడు. రైల్వే స్టేషన్లో పోర్టరు ఈయన చేత మూటలు మోయించి, బండి కదిలేటప్పుడు తన పక్కన నిలబడనిచ్చేవాడు. ఒకసారికి ఒకే పని అన్న సంగతి ఈ ముగ్గురూ ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళే ఆయన్ను ఆపి, నాలుగు పనులు కలిపి చెప్పి, ఆయన కూర్చుండిపోతే చూసి నవ్వుకునేవాళ్ళు. తెలివి ఎక్కువైనవాళ్ళకు పొద్దు పోవాలి కదా.

ఇక బంధువుల దగ్గర ఆయనకు మందు ఉండేది. ఒకటే మందు: పెళ్ళి. "పెండ్లి చేస్తే అంతా సర్దుకుంటాదమ్మా" అని వచ్చిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళు. చేసుకున్న వాళ్ళకు ఏం సర్దుకుందో వాళ్ళ ఇళ్ళకు పోయి చూస్తే తెలిసేది! మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే కాబట్టి, మందు ఇంట్లోనే ఉందన్నట్టు అందరి కళ్ళూ నా మీదికి తిరిగేవి. అప్పటికి నాకు ఆరేళ్ళు.

అవ్వ వాళ్ళతో వాదం పెట్టుకోలేదు. ఒకసారి సంతలో పెద్ద వెదురు గంప కొని తెచ్చి, చుట్టాలందరి ముందూ మామకు చెప్పింది.

"అబ్బీ, మీ అక్క కూతురి పెండ్లికి ఈ గంపలో పిల్లను నువ్వే ఎత్తుకోని రావల్ల."

మా ఇంటి ఆచారంలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తెచ్చేది మేనమామ. గంప ఎత్తేవాడు పెళ్ళికొడుకు కాలేడు. ఆ ఒక్క మాటతో మందుల వాళ్ళ నోళ్ళు పడిపోయాయి. కానీ మామకు అది పని. ఆ రోజే మొదలుపెట్టాడు. నేను పెనుకొండకు పోయినప్పుడల్లా నన్ను గంపలో పెట్టుకుని వీధి చివరిదాకా మోసేవాడు. నేను లేనప్పుడు రుబ్బురాయిని మోసేవాడు. నేను లావయ్యే కొద్దీ రుబ్బురాయి పక్కన ఇటుకలు చేరాయి. వీధిలో వాళ్ళు "ఏమప్పా, పెండ్లికూతురు ఈ పొద్దు నల్లగుండాదే!" అంటే గంప ఇంకాస్త పైకెత్తి చూపించేవాడు. నా పెళ్ళికి నాకంటే పదేళ్ళు ముందు సిద్ధమైన మనిషి మా మామ.

నయాపైసలు వచ్చిన కొత్తలో నాకు ధర్మవరం సంబంధం కుదిరింది. నాలుగు మగ్గాలు నడిపే ఇల్లు. కుదిరిన మర్నాడే మా పెద్దనాయన కూటం పెట్టాడు. ఇంటి పరువంతా తన భుజం మీదే నిలబడి ఉందని, తాను కాస్త వంగితే అది జారి పడుతుందని ఆయన నమ్మకం. అందుకని ఎప్పుడూ వంగేవాడు కాదు, చెప్పుల కోసం కూడా.

"మేనమామ ఇట్లాంటోడని తెలిస్తే సంబంధం నిలబడతాదా? రేపు పిల్లకు బిడ్డలు ఎట్లా పుడతారో అంటారు. వాణ్ని పెనుకొండలోనే పెట్టండి" అన్నాడు.

"మరి గంప ఎవురు ఎత్తల్ల?" అన్నాడు నాయన.

"మేనమామలు కరువా? నీ పెండ్లాం పెదనాయన కొడుకు ఒకడుండాడు గదా, గుమాస్తా. చేతికి గడియారం కూడా ఉండాది."

ఆ గుమాస్తా మామకు కబురు పోయింది. పట్టుపంచె కావాలన్నాడు. బంతిలో వియ్యంకుడి పక్కన మొదటి ఆకు కావాలన్నాడు. ఫోటోలో ముందు నిలబడతానన్నాడు. గంప బరువు ఎంతుంటుందని మాత్రం అడగలేదు. ధర్మవరానికి "మేనమామ గుమాస్తా" అని చెప్పి పంపారు.

నేను వంటింటి గడప దగ్గర నిలబడి, "మామ రాకపోతే నేను గంపలో కూచోను" అన్నాను.

పెద్దనాయన నా వైపు చూడకుండా, "పిల్లకు నోరు లేచిందే!" అన్నాడు అమ్మతో.

"లేవనీ బావా. నా తమ్మునికి లేదు గదా" అని అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది.

ఆ మాట ఆయనకు ఎక్కలేదు. మామను దాచడానికి తానే స్వయంగా పెనుకొండకు పోయాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలా వివరంగా చెప్పాడట. "చూడప్పా, నువ్వు పెండ్లికి రావద్దు, ఇల్లు కాపలా కాయి, హోటల్లో తిను, అల్లరి చేయొద్దు." మామ అరుగు మీద కూర్చున్నాడు. ఎంత బుద్ధిగా విన్నాడో అని మెచ్చుకుంటూ పెద్దనాయన తిరుగు బండి ఎక్కాడు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు అవ్వ ఒక్కతే వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ నా తల దువ్వుతూ మెల్లగా అంది.

"నాలుగు చెప్పినాడే మీ పెద్దనాయన. వానికి ఒక్కటీ చెప్పనట్టే. నేనెందుకు అడ్డమొస్తా? నేను చెప్పల్సింది పదేండ్ల కిందటే చెప్పినా. ఏ దినం బండెక్కించల్లనో పోర్టరుకు చెప్పి వచ్చినా."

"మగపెండ్లోల్లూ అదే బండికి వస్తారు గదవ్వా?"

దువ్వెన కొంచెం గట్టిగా లాగింది, అంతే. ధర్మవరం బండి హిందూపురం రావాలంటే పెనుకొండ మీదుగానే రావాలి. మనిషిని దాచడానికి మా పెద్దనాయనకు ఆ ఊరే దొరికింది!

బండిలో జరిగింది మా అత్త, పెళ్ళికొడుకు తల్లి, నాకు నూరుసార్లు చెప్పింది. పెనుకొండ స్టేషన్లో మగపెళ్ళివాళ్ళ పెట్టెలోకి ముందు ఒక గంప వచ్చిందట, దాని వెనక మామ. కిటికీలోంచి పోర్టరు, "పెండ్లోల్లేనా? ఈయన్ను హిందూపురంలో దించండి. 'దిగు' అని ఒక్క మాట చెప్పండి, చాలు" అన్నాడట. టికెట్టు మామ జేబులో ఉంది, దుడ్లు హోటలాయనవి. పెట్టె కిక్కిరిసి ఉండడంతో గంపను పెళ్ళికొడుకు ఒళ్ళో పెట్టారు.

"యాడికప్పా, ఇంత పెద్ద గంప?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"హిందూపురం."

"ఏముండాది దాంట్లో?"

"ఏం లేదు. పిల్ల కూచోవల్ల."

"ఏ పిల్ల?"

"మా అక్క కూతురు. పెండ్లి."

"ఓహో! పెండ్లికొడుకు ఎవురో?"

మామ బాగా ఆలోచించి, "ఎవురో ధర్మవరమోడు" అన్నాడట.

పెట్టంతా నవ్వింది. పెళ్ళికొడుకు తండ్రి మాత్రం నవ్వు ఆపి, "మేనమామ గుమాస్తా అన్నారే?" అన్నాడు. "ఇంకొకాయన ఉండాడేమోలే" అంది మా అత్త. "లేడు. నేనే" అన్నాడు మామ. అప్పుడు అందరూ ఆయన్ను సరిగ్గా చూశారట. ఒక ముసలామె మోసం అంది. ఇంకొకాయన వచ్చే స్టేషన్లోనే దిగి వెనక్కి పోదామని లేచాడు. వెనక్కి బండి సాయంత్రం దాకా లేదని తెలిసి, పరువు కంటే పెద్ద ఇబ్బంది అదే అయినట్టు మళ్ళీ కూర్చున్నాడు. పెళ్ళికొడుకు గంప పట్టుకునే ఉన్నాడు.

హిందూపురం ప్లాట్‌ఫారం మీద మేళం వాయిస్తుంటే పెద్దనాయన పూలదండతో నిలబడ్డాడు. పెట్టె తలుపులో మామ కనబడగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఎవురో పిచ్చోడు మీ పెట్టెలో ఎక్కినట్టుండాడు. ఏయ్, దిగు, గంప ఆడ పెట్టు, పక్కకు పో!"

మూడు పనులు. మామ తలుపులోనే నిలబడిపోయాడు. వెనక దిగాల్సిన ముప్పైమందీ నిలబడిపోయారు. అప్పుడు పెళ్ళికొడుకు, "చిన్నాయనా, దిగు" అన్నాడు. పెళ్ళాం మేనమామను పిలవాల్సిన వరస అది. మామ దిగాడు.

"పిచ్చోడంటావేంది? మీ పిల్ల మేనమామంట గదా!" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"ఆ... అవునవును! మా బామ్మర్దే! ఎండ కండ్లల్లో పడి గుర్తుపట్టలేదు."

ఎండ పెద్దనాయన వీపు మీద ఉంది.

విడిదిలో పెళ్ళికొడుకు తండ్రి నాయనతో నేరుగా మాట్లాడాడు. "ఈయన ఇట్లా అని ముందే చెప్పింటే మేము వద్దనేవాల్లమేమో, నాకు తెలీదు. కానీ దాచినారు. రేపు అబద్ధం మేనమామ గంప ఎత్తితే మేము లేచిపోతాం." నాయన సరే అన్నాడు. మామ నన్ను పీటల దగ్గర పడేస్తాడని, పెళ్ళి నవ్వులపాలవుతుందని పెద్దనాయన అందరి చెవిలోనూ ఊదుతూనే ఉన్నాడు. గుమాస్తా మామ అప్పటికే పట్టుపంచె కట్టుకుని ఉన్నాడు. విప్పమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

మర్నాడు పది గంటలకు ముహూర్తం. నన్ను గంపలో కూర్చోబెట్టి కొబ్బరికాయ చేతికిచ్చారు. వెనక అంచు పట్టుకోవడానికి ఇద్దరు వచ్చారు. మామ పట్టుకోనివ్వలేదు. ఒక్కడే, రెండు చేతులూ గంప చుట్టూ వేసి లేపాడు. నాకు ఆ నడక తెలుసు. పెనుకొండ వీధిలో మోసిన నడకే. జనంలోంచి నేరుగా పీటల దగ్గరికి పోయి నిలబడ్డాడు.

నిలబడ్డాడు, అంతే. ఎత్తుకుని రమ్మంది అవ్వ. దించమని ఎవరూ చెప్పలేదు.

"తూర్పుకు తిప్పి, తెర ఇవతల పెట్టి, పక్కకు జరుగు నాయనా!" అన్నాడు అయ్యవారు. "పీట మీద కాదప్పా, పక్కన పెట్టి, మెల్లగా!" అన్నాడు పెద్దనాయన. "ముందు కాలు వెనక్కి తీసి వంగు!" అన్నారెవరో. తలా ఒకటి అరవసాగారు. అందరూ పని తెలిసినవాళ్ళే. మామ మెడ మీద చెమట నా చేతికి తగిలింది. గంప కొంచెం ఒక పక్కకు ఒరిగింది. "నేను చెప్పలేదా!" అన్నాడు గుమాస్తా మామ, గడియారం చూసుకుంటూ. అవ్వ ఎక్కడో ఆడవాళ్ళ వెనక ఉండిపోయింది. ఆమె గొంతు ఆ గోలలో వినపడే దారి లేదు.

పెళ్ళికూతురు నోరు విప్పకూడదు. కానీ ఆయన చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది.

"మామా, తిరుగు" అన్నాను.

తిరిగాడు.

"దించు."

దించాడు. నా చేతిలో కొబ్బరికాయ కదల్లేదు. తెర అవతల ఎవరో నవ్విన చప్పుడు వినిపించింది. ఆ నవ్వు ఎవరిదో తర్వాత తెలిసింది. ధర్మవరం ఇంట్లో మా ఆయన కూడా నాకు ఎప్పుడూ ఒకసారికి ఒకే పని చెప్పేవాడు.

మామ చేతులు దులుపుకుని చుట్టూ చూశాడు. జనాన్ని తోసుకుని అవ్వ అప్పటికి దగ్గరికి వచ్చింది.

"ఇంగేం పని?" అన్నాడు.

"ఏం లేదు నాయనా. భోంచెయ్యి."

తాళి కట్టడం ఇంకా కాలేదు, ఆకులు అప్పుడే పరుస్తున్నారు. మామ నేరుగా పోయి మొదటి ఆకు ముందు, వియ్యంకుడి చోటు పక్కన కూర్చున్నాడు. పెద్దనాయన పరుగెత్తాడు. "లెయ్యప్పా, అది గుమాస్తాది, ఆ వరసలో కూచోని, తర్వాత తిను!"

మామ అక్కడే కూర్చున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి ఆ పక్కనే కూర్చునేదాకా, పాయసం వచ్చేదాకా, రెండోసారి పాయసం వచ్చేదాకా. గుమాస్తా మామ పట్టుపంచె కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, రెండో బంతి కోసం నిలబడ్డాడు.