పిడికిట్లో మంచు

ఆ లోయలో సగంమంది ఒర్సోలా చేతుల్లోనే కన్ను తెరిచారు. ముప్పై ఏళ్ల మంత్రసానితనం ఆమెది. కొండల్లో చలికి కాన్పులు ఆగవు కదా. బిడ్డ దక్కదనిపిస్తే, చర్చి గురువు వచ్చేదాకా చూడకుండా తనే జ్ఞానస్నానం ఇచ్చేది. తిరుసభ ఒప్పుకున్న పద్ధతే అది.

ఆ జనవరిలో జాకోమినాకు పుట్టిన బిడ్డ నాలుగు ఊపిరులకు మించి నిలిచేలా లేదు. కుండలో నీళ్లు గడ్డకట్టాయి. ఒర్సోలా గుమ్మం ముందరి మంచు పిడికిట పట్టి పిండి, కారిన నీళ్లతోనే పని కానిచ్చింది. గురువు దోన్ ఫెర్మో మైదానం మనిషి, పుస్తకాలు తెలిసినంతగా చలి తెలియదు. మంచంటే నీళ్లు కాదు, జ్ఞానస్నానం చెల్లదు పొమ్మన్నాడు. జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదు కనక, పసిగుడ్డును గోడ బయట, మేకలు తిరిగే చోట పూడ్చారు. ఆనాటినుంచి జాకోమినా ఒర్సోలాతో మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో గురువులందరికీ పైవాడైన కొత్త అగ్రపీఠాధిపతి ఊరూరా గుళ్లు చూసుకుంటూ కాలినడకన వచ్చాడు. ఉపవాసాలతో ఎముకలు తేలిన మనిషి. సంగతి విని ఒర్సోలాను గుడి ముందుకు పిలిపించాడు.

"కరిగిందా, కరగలేదా?"

"కరిగింది తండ్రీ. నీళ్లు కారుతుంటేనే జ్ఞానస్నానం మాటలన్నాను."

"ఎవరు చూశారు?" అన్నాడు దోన్ ఫెర్మో.

"తమరైతే చూళ్లేదులెండి. తమ ఇంట్లో పొయ్యి దగ్గరున్నారు."

అగ్రపీఠాధిపతి నవ్వలేదు. వంగి గుప్పెడు మంచు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పిండమ్మా."

పిండింది. ఒక్క చుక్క రాలలేదు. పొద్దుటినుంచి బయట నిలబడి చేతులు కొయ్యబారాయి. సిగ్గుతో ఆమెకు చచ్చినంత పనైంది. తన మాట పోయినందుకు కాదు, గోడ బయటి బిడ్డ ఇక అక్కడే ఉండిపోతుందని గుండె తరుక్కుపోయింది.

"ఆ రోజు చేతులు వేడిగా ఉన్నాయి తండ్రీ. అప్పుడే కదా బిడ్డను బయటికి తీశాను."

జనంలోంచి జాకోమినా వచ్చింది. ఒర్సోలా చేతులు రెండూ లాక్కుని, శాలువా కింద, పాలు ఇంకా ఇంకని రొమ్ములకు అదుముకుంది. ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడ్డారు. దోన్ ఫెర్మో మొహం తిప్పుకున్నాడు. అగ్రపీఠాధిపతి టోపీ తీసి చేత పట్టుకుని ఆగాడు.

"ఇప్పుడు పెట్టండి," అంది జాకోమినా.

మంచు పిడికిట్లో కరిగి, కింద పట్టిన ఆయన అరచేతిలోకి ధారగా కారింది.

"గోడ లోపల తవ్వండి," అన్నాడాయన.

ఒర్సోలా ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. చలికాలంలో కాన్పుకు పిలుపొస్తే చాలు, చిన్న సీసాలో నీళ్లు నింపి, గడ్డకట్టకుండా రొమ్ముల మధ్య దోపుకుని బయలుదేరేది.