నోరాని పడవెక్కనివ్వని శ్రీరామ్మూర్తి

మా పక్క వాటా శ్రీరామ్మూర్తి తమ్ముడికి ఒకే ఒక్క జబ్బు. పుస్తకంలో ఉన్నవాళ్ళతో తగువు పెట్టుకుంటాడు. పెద్దవాళ్ళ పుస్తకాలైతే పోనీలే అనుకుందుము. అరవై రెండేళ్ళ మనిషి, స్టీల్ ప్లాంటులో ముప్పైనాలుగేళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి, పదహారేళ్ళ పిల్లలు చదువుకునే ఇంగ్లీషు నవలలు ఒళ్ళో పెట్టుకుని, వాటిలో పిల్లల్ని పేరుపెట్టి మరీ తిడతాడు. అదీ మనసులో కాదు, నోటితో. ఇంట్లో కాదు, మెట్ల మీద కూర్చుని. కూర్మన్నపాలెంలో మా వీధి ఈ చివర్నించి ఆ చివరికి వినపడేలాగ.

ఇదివరకు పేపరుతో తగువాడేవాడు. వాన పడుతుందని రాసినరోజు పడకపోతే ఆ పేపరుకి రెండ్రోజులు మొహం చూపించేవాడు కాదు. ఈ వేసవిలో నవలల్లోకి దిగాడు.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఇంగ్లీషు నాకు రాదు. కానీ వీధిలో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియకపోతే నాకు తిన్నది అరగదు. వెళ్ళి అడిగేశాను.

"ఏటి తమ్ముడూ, పొద్దున్నే ఎవర్ని తిడతన్నావ్?"

"ఈ పిల్లని అప్పా. నోరా అంట. ఏదో దీవిలో ఉంటాది. తల్లి లేదు, తండ్రి ఊళ్ళో లేడు. నాకు తెలీక అడుగుతాను, ఈ నవలల్లో ఒక్క పిల్లకీ అమ్మానాన్నలు ఇంట్లో ఉండరేటి?"

"పాపం, ఏ పన్లో ఉన్నారో."

"పనీ లేదు ఏటీ లేదు. ఉంటే కత నడవదు. మన సూర్యకళలాంటి తల్లినొకర్తిని పెట్టి చూడు. మొదటి పేజీలోనే 'ఎక్కడికే బయల్దేరినావ్?' అని అడుగుతాది. పుస్తకం అక్కడితో సరి!"

"అన్నాలేనా తింటారా?"

"నూట ఇరవై పేజీలు చూసినాను, ఒక్క పూట తిన్లేదు. ఊరిని కాపాడీడానికి మాత్రం ముందుంటారు. కాళీ కడుపుతో!"

సూర్యకళ అంటే మా మేడ మీద వాటాలో ఉండే అమ్మాయి. పరవాడలో మందుల కంపెనీలో పని. ఒక్కతే కూతురు, యశస్విని. ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిజిక్సు తప్పింది. రిజల్టు వచ్చిన సాయంత్రం గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ కోపంలో సూర్యకళ, "ఈ నవలలే నిన్ను చెడగొట్టినాయి" అని దాని పుస్తకాలన్నీ మూటగట్టి పాతపేపర్లు కొనే కోటికి ఇచ్చేసింది. అంతే, పిల్ల మాట మానేసింది.

నేను చేతనైన సాయం చేశాను. రోజుకి మూడుసార్లు పైకెళ్ళి తలుపు దగ్గర నించుని అడిగేదాన్ని. "ఎన్ని మార్కులు తగ్గాయే? పేపరు కష్టంగా ఇచ్చారా, నువ్వే రాయలేదా? నీ స్నేహితురాళ్ళంతా పాసయ్యారా?" లోపల్నించి గడియ ఇంకొంచెం గట్టిగా బిగిసిన చప్పుడు వచ్చేది.

పన్నెండో రోజున సూర్యకళ నా అరుగు మీద కూలబడింది. "అత్తా, పళ్ళెం తీసుకుంటాది, మాట మాత్రం మాటాడదు. సప్లిమెంటరీకి ఫీజు కట్టడానికి శుక్రవారమే ఆఖరు. రాస్తావా అంటే గోడకేసి తిరిగిపోతాది. నాను డ్యూటీకి పోతే బస్సంతా అదే బెంగ."

అక్కడ అంత బాధలో ఉంటే ఈ శ్రీరామ్మూర్తి సరిగ్గా ఆ మేడ మెట్ల కిందే కూర్చుని సాయంత్రం సాయంత్రం నోరా కథ చెప్పడం మొదలెట్టాడు. ఎవరికంటారా? నాకే. నా పక్కన చిక్కుడుకాయలకి.

"తమ్ముడు పడవేసుకుని పోయినాడు అప్పా. తుపాను పట్టినాది. నోరా వాడిని ఎతకడానికి రేవుకొచ్చినాది. అప్పుడేటైందనుకున్నావ్?"

"ఏటైంది?"

"పోర్టోళ్ళు మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినారు. చూసినాది, ఎనక్కొచ్చీసి, ఉప్మా తిని తొంగున్నాది."

"అదేటి! మరి తమ్ముడో?"

"ఆడే వస్తాడు."

"దీవిలో మన పోర్టోళ్ళెక్కడ్నించి వచ్చారయ్యా?"

"ఎక్కడైనా ఉంటారప్పా. రూలు రూలే."

పైన కిటికీ తెర కదిలింది. నేను చూశాను. అలాంటివి నా కళ్ళు దాటిపోవు.

మర్నాడు ఇంకా అన్యాయం. నోరా పడవ అమ్మేసి కుట్టుమిషను కొనుక్కుందన్నాడు. నాకే మండిపోయింది. "పోయినోడి సంగతి చూడకుండా కుట్టుమిషనేటయ్యా!" అన్నాను. కిటికీ రెక్క జానెడు తెరుచుకుంది, టపీమని మూసుకుంది.

గురువారం సాయంత్రం ఆయన గొంతు ఇంకాస్త పెంచాడు.

"అయిపోయిందప్పా. నోరా ఇంట్లోకెళ్ళి తలుపేసుకున్నాది. మరింక బయటికి రాలేదు. కత కంచికి. బుద్ధిమంతురాలు!"

"అబద్ధం!"

మేడ మీద నించి. పదిహేను రోజులుగా వాడని గొంతు, మొదట బొంగురుగా, తర్వాత ఖణేల్మని.

"తాతా, మొత్తం అబద్ధం! నోరా తలుపు తీసుకుని బయటికొచ్చింది! తుపాన్లోనే వచ్చింది! పడవెక్కింది!"

నేను తలెత్తబోతే శ్రీరామ్మూర్తి నా కాలు తొక్కాడు.

"ఎవరమ్మా అది? నా పుస్తకంలో అలా లేదే."

"నూట నలభయ్యో పేజీ చూడు!"

"నా కళ్ళజోడు పాతదమ్మా. ఎక్కడుందో వచ్చి చూపించు."

గడియ తీసిన చప్పుడు. చెప్పుల్లేకుండా మెట్లన్నీ గబగబా దిగి వచ్చింది. చిక్కిపోయింది, జడ లేదు. నా నోటిదాకా ఎనిమిది ప్రశ్నలు వచ్చాయి. నా కాలు ఇంకా ఆయన చెప్పు కిందే ఉంది. ఎనిమిదీ మింగాను. అమ్మతోడు, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

పుస్తకం లాక్కుంది, అట్ట తిప్పింది. "ఇది నాది! నా పేరుంది!"

"అవునేటి? కోటి దగ్గర కొన్నాను. పేర్లెవరు చూస్తారు? నీదైతే ఏటి, ఆ పిల్ల పడవెక్కకూడదు. లైఫ్ జాకెట్టు లేదు."

"జాకెట్టు కోసం ఆగితే తమ్ముడు చచ్చిపోతాడు!"

"ఇద్దరూ చస్తే?"

"చావరు! తర్వాత చదివితే కదా తెలిసేది!"

అలా తగువు నడుస్తుండగా కంపెనీ బస్సు దిగి సూర్యకళ వచ్చింది. కూతురి గొంతు విని గేటు దగ్గరే ఆగిపోయింది. భోజనం సంచి గుండెకి హత్తుకుని అలాగే నించుండిపోయింది, కదిలితే ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని. పిల్ల అమ్మని చూసింది. తగువు మధ్యలోనే, "అమ్మా, రేపు ఫీజు కట్టాలి, సెలవు పెట్టు" అని, పుస్తకం ఆయన ఒళ్ళో పడేసి మళ్ళీ ఆయన మీదకి తిరిగింది. "తాతా, నూట నలభై రెండు తియ్యి!"

శుక్రవారం తల్లీకూతుళ్ళు కాలేజీకి వెళ్ళారు. శ్రీరామ్మూర్తి పాలకి వెళ్ళాడు. నేను ఆయన పుస్తకాల మూట విప్పాను. తప్పే, కానీ విప్పాను. ప్రతి పేజీ అంచున పెన్సిలుతో తెలుగులో అర్థాలు. నూట నలభయ్యో పేజీ మడత పెట్టి ఉంది, పక్కనే గుండ్రటి అక్షరాలతో: 'ఇక్కడ తలుపు తీసింది.'

కోటిని నిలదీస్తే వాడు నవ్వాడు. "ఆ రోజే మామ్మా. సైకిలేసుకుని జంక్షను దాకా నా బండెనకాల వచ్చినాడు. ఒక్క పుస్తకం కూడా ఒగ్గకుండా అన్నీ కొనీసినాడు."

ఆయన్ని పట్టుకున్నాను. "అన్నీ తెలిసే తప్పు చెప్పావన్నమాట!"

తల గోక్కున్నాడు. "ఎవరికీ చెప్పకప్పా. ముందు నవ్వుకుందామనే తెరిచినాను. సగానికొచ్చేసరికి కళ్ళజోడు తుడుచుకోవలసొచ్చినాది. ఆ వయసులో ఒక్క రోజు చెడితే లోకం చెడినట్టే ఉంటాది. మనకీ అలాగే ఉండీది, మర్చిపోయినాం. ఆ రాసినోళ్ళు మర్చిపోలేదు." అని, వెంటనే సర్దుకున్నాడు. "అయినా అన్నం పెట్టాల కదా, ఆ పిల్లలకి!"

నా నోట్లో మాట నిలుస్తుందా? సాయంత్రం యశస్విని చెవిలో ఊదేశాను. అది కిసుక్కున నవ్వింది.

"రెండో రోజే తెలిసింది మామ్మా. సరిగ్గా చదివినవాళ్ళు తప్ప అంత సరిగ్గా తప్పు చెప్పలేరు."

"మరి అంత గట్టిగా ఎందుకరిచావే?"

"పాపం, మూడ్రోజుల్నించి గొంతు చించుకుంటన్నాడు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా." నా చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసని తాతకి చెప్పకు మామ్మా. ఇంకా ఆరు పుస్తకాలున్నాయి."

చెప్పలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం మెట్ల మీద ఫిజిక్సు పుస్తకంతో ఆ పిల్ల, కింద నవలతో ఈయన, మధ్యలో చిక్కుడుకాయలతో నేను.

"ఈ కుర్రాడు కొండెక్కలేదప్పా. మోకాళ్ళ నొప్పులు."

లెక్క మీద నుంచి తల ఎత్తకుండానే పిల్ల అంటుంది: "ఎక్కాడు తాతా."

"ఎక్కలేదు."

"ఎక్కాడు."

నాకు ఇద్దరి గుట్టూ తెలుసు. ఇద్దరికీ చెప్పకుండా కూర్చోడానికి పడుతున్న యాతన ఆ దేవుడికే తెలుసు. అందుకే మీకు చెప్తున్నాను.