పావువంతు పనిమంతురాలు

మావయ్య వచ్చేసరికి మా అమ్మ గేదెలకి కుడితి పెడుతోంది. ఆయన చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వచ్చేసి, "అక్కా, నీ మరదలు బండి దిగుతూ జారిపడి కాలిరగ్గొట్టుకుంది. మిరపకోతలు నెత్తిమీదికొచ్చాయి. కోతలయ్యేదాకా ఓ పిల్లని పంపించవే" అన్నాడు. అమ్మ తలెత్తకుండానే, "నలుగురున్నారు కదరా, ఎవర్నో ఒకర్ని తీసుకెళ్లు. నలుగురికీ అన్నీ వచ్చు" అంది.

అమ్మ అబద్ధమాడలేదు. ఆవిడ అలాగే అనుకునేది. నిజానికి మేమూ అలాగే అనుకునేవాళ్లం.

మేం నలుగురు అక్కచెల్లెళ్లం. నేను మూడోదాన్ని. పొన్నూరు పక్కన ఓ పల్లెలో మా ఇల్లు. అమ్మకి పొలం, పశువులు, పాల వాడికలతోనే పొద్దు సరిపోయేది కాబట్టి వంట మా నలుగురి చేతుల్లో పడింది. పెద్దక్క పొయ్యి వెలిగించి ఎసరు పెట్టేది, ఉప్పు వేసే అధికారం కూడా దానిదే. చిన్నక్క గంజి వార్చి, పోపు పెట్టేది. నేను బియ్యంలో రాళ్లు ఏరి, కూరగాయలు తరిగి, పచ్చడి నూరేదాన్ని. చెల్లి నీళ్లు తెచ్చి కంచాలు పెట్టేది. ఇది ఎవరూ పంచిన పని కాదు. ఏళ్ల తరబడి అలా జరిగిపోయింది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి గిన్నె వెళ్తుంటే అడగాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. మా వంటని ఊళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లు. ఎవరైనా "ఎవరే వండింది?" అంటే నలుగురం ఒకేసారి "మేమే" అనేవాళ్లం.

పెద్దక్కకి సంబంధాలు వస్తున్నాయి కాబట్టి అది కదలకూడదు. చిన్నక్కకి అప్పుడే చలిజ్వరం తగిలింది. చెల్లి మరీ పిల్ల. అలా నా పేరు ఖాయమైంది. బయల్దేరేటప్పుడు చెల్లి ఏడ్చింది, చిన్నక్క దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. చుట్టాలింటికి వెళ్తున్నాననే హుషారు కూడా రాలేదు. ఏదో మర్చిపోయి వెళ్తున్నట్టు బస్సెక్కాక కూడా మాటిమాటికీ నా గుడ్డలమూట విప్పి చూసుకున్నాను.

యాభైల చివరి మాట ఇది. పర్చూరు వైపు ఊళ్లు అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉండేవి. రెండు బస్సులు మారి, ఎద్దుబండి ఎక్కి వెళ్లాం. మా వైపు ఎటు చూసినా వరీ, కాలవలూ. అక్కడ కనుచూపు మేరా నల్లరేగడి. దాని మీద ఒకపక్క పత్తి, ఒకపక్క పొగాకు, మిగిలిందంతా మిరప. అత్తయ్య వసారాలో నులకమంచం మీద, కాలికి వెదురుబద్దల కట్టుతో పడుకుని ఉంది. పడుకున్న మనిషే గాని నోరు పడుకోలేదు. నన్ను చూడగానే, "వచ్చావుటే తల్లీ! మీ అమ్మ పెంపకం నాకు తెలుసు. నాకింక దిగులు లేదు" అంది. ఇంట్లో మావయ్య, ఇద్దరు చిన్నపిల్లలు, ఇద్దరు పాలేర్లు. ఆ ఐదుగురికీ, మంచంలో ఉన్న మనిషికీ నేను వండాలి.

మర్నాడు పొద్దున్నే బియ్యం ఏరాను. మహా శ్రద్ధగా ఏరాను. పొన్నూరు పిల్ల జొన్నన్నం తినలేదేమోనని మావయ్య నాకోసం ప్రత్యేకంగా తెప్పించిన బియ్యం అవి. కడిగాను. వంకాయలు తరిగి నీళ్లలో వేశాను. పచ్చడి నూరి గిన్నెలోకి తీశాను. తర్వాత పీట వాల్చుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరో వస్తారని కూర్చున్నాను. పొయ్యి వెలగలేదేమిటా అని కాస్త విసుక్కున్నాను కూడా. అప్పుడు తట్టింది నాకు, ఇక్కడ పెద్దక్క లేదని.

సరే, పొయ్యి వెలిగించడమేమన్నా బ్రహ్మవిద్యా అనుకున్నాను. పెరట్లో గోడ వారన నిరుటి మిరపకట్టె కుప్పగా ఉంది. ఎండి గలగలలాడుతోంది. మా ఇంట్లో పిడకలు తప్ప నేను చూసింది లేదు. ఓ మోపెడు తెచ్చి పొయ్యిలో కుక్కి, కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీశాను. ఆ కట్టెకి ఇంకా తాలు మిరపకాయలు వేలాడుతున్నాయని నేను చూడలేదు. చూసినా ఏమవుతుందో నాకు తెలియదు.

ముందు నేను బయటికి పరిగెత్తాను. నా వెనక పిల్లలు. దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు మూసుకుని అందరం వీధిలో పడ్డాం. అప్పుడు లోపల్నించి అత్తయ్య కేక వినిపించింది: "నీ మొహం మండ! నన్నొదిలేసి పోతార్రా అంతా!" మావయ్య, పాలేరు ముక్కులకి తువ్వాళ్లు చుట్టుకుని లోపలికెళ్లి, మంచంతో సహా ఆవిడని మోసుకొచ్చి వీధిలో దించారు. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి, "ఏమైందే, ఎవరికన్నా దిష్టి తీశారా?" అంది. "తీసింది మా ఆడపడుచు కూతురు. ఇంత ఘాటొచ్చిందంటే మా ఇంటికి ఏ దిష్టీ లేదన్నమాటే, ఆ బెంగ తీరింది" అంది అత్తయ్య, కళ్లు తుడుచుకుంటూ.

ఘాటు తగ్గాక నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఏమే పిల్లా, మీ అమ్మ నీకన్నీ వచ్చంది?"

"వచ్చు అత్తయ్యా."

"మరి ఇదేంటి?"

"పెద్దక్క పొయ్యి వెలిగించాక వచ్చు."

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. "వెలిగించాక అన్నం వారుస్తావా?"

"చిన్నక్క వారుస్తుంది."

"కూరలో ఉప్పో?"

"పెద్దక్కే వేస్తుంది."

"మరి నువ్వేం చేస్తావే?"

"నూరతాను" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది. అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే కాలు కలుక్కుమంటోంది, "అమ్మో, అబ్బో" అంటూనే నవ్వుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. నవ్వినందుకు కాదు. నాకు వంట వచ్చో రాదో నాకే తెలియకుండా ఇన్నేళ్లు ఎలా బతికానో అర్థం కాలేదు. మా నలుగురిలో నేనెంత? అక్కలు పక్కన లేకపోతే నేను పూర్తి మనిషినేనా? ఆ వయసులో ఇంత స్పష్టంగా అనుకుని ఉండను గాని, గుండెల్లో తిరిగింది మాత్రం అదే.

ఆ సాయంత్రమే మంచాన్ని వంటింటి గుమ్మం పక్కకి జరిపించుకుంది అత్తయ్య. అక్కణ్నించి ఆవిడకి పొయ్యి కనిపించదు. చెవితో, ముక్కుతో వండించేది. "ఎసరు కాగింది, ఆ చప్పుడు వినపట్లా? బియ్యం పోసెయ్యి." "మంట తగ్గించవే, అడుగంటుతోంది." "ఉప్పెంత వెయ్యాలో నన్నడక్కు. వేసి నోట్లో పెట్టుకో. నోరు నీది కాదూ?" ఈ ఆఖరి మాట నన్ను మహా ఇబ్బంది పెట్టింది. ఉప్పు చాలిందో లేదో పెద్దక్కకి తెలుసు అనుకునేదాన్ని గాని, నా నోటికీ తెలుస్తుందని నాకెప్పుడూ తోచలేదు. గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకున్నాను. జొన్నన్నం ముద్ద చేశాను, సంకటి చేశాను, ఒకసారి ఏం చేశానో నాకే తెలియదు. పాలేర్లు పాపం మారుమాట్లాడకుండా తిని లేచారు.

మధ్యాహ్నాలు కల్లంలో కూర్చుని కాయలు ఏరేదాన్ని. తాలు ఒకపక్కకి, మంచివి ఒకపక్కకి. ఆ ఎర్రటి కుప్పల మధ్య కూర్చుని మా వాళ్లతో మనసులోనే మాట్లాడుకునేదాన్ని. ఏదైనా చెప్పి, జవాబు కోసం ఆగేదాన్ని కూడా. పక్కన ఏరుతున్న కూలిమనిషి ఒకావిడ, "ఏంటమ్మాయ్, ఎవరితో?" అని అడిగింది. మా అక్కలతో అని చెప్తే పిచ్చిదనుకుంటుందని, లెక్క పెట్టుకుంటున్నానని చెప్పాను.

ఒకరోజు వంకాయకూర కుదిరింది. అత్తయ్య ఏమీ కేకేయలేదు. మావయ్య రెండోసారి వడ్డించుకుని, "ఇవాళ మా అక్క చేతి కూర తిన్నట్టుంది" అన్నాడు. నేను పెరట్లోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను. ఇంటి మీద బెంగ పెట్టుకున్నానని మావయ్య కంగారుపడిపోయి, "రేపే దింపొస్తా, ఊరుకోవే" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, అసలు ఎందుకు ఏడ్చానో అడిగితే చెప్పలేను. కూర బాగుందన్న సంతోషం ఉంది. దాన్ని నేనొక్కదాన్నే వండానన్న భయమూ ఉంది. మా ఇంట్లో "మేమే" అని నలుగురం అరిచే ఆ మాటలోంచి నేనొక్కదాన్నే ఎక్కడికో జారిపోతున్నట్టనిపించింది. నేను రోజూ ఆలోచించేది ఒక్కటే. తిరిగి వెళ్లాక నా చోటు నాకుంటుందా?

కోతలయ్యాయి. అత్తయ్య కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడం మొదలుపెట్టాక మావయ్య నన్ను ఇంటికి తెచ్చాడు. ముగ్గురూ ఎదురొచ్చి మీద పడ్డారు. కాసేపటికి వంట మొదలైంది. నేను రోలు దగ్గరికి వెళ్లబోతే అక్కడ చెల్లి కూర్చుని ఉంది. నూరడం నేర్చేసుకుంది. "నువ్వు కూర్చో అక్కా, అలిసిపోయొచ్చావు" అంది పెద్దమనిషిలా. కూర్చోలేకపోయాను. పొయ్యి మీద కూర ఉడుకుతోంది, వాసన చూస్తే ఉప్పు తక్కువని తెలుస్తోంది. చెయ్యి దానంతటదే వెళ్లింది, చిటికెడు వేశాను. కాసేపటికి పెద్దక్క వచ్చి ఎప్పటిలా తను వేయాల్సింది తనూ వేసింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, మజ్జిగ అడిగారు.

"ఎవరే వేసింది?" అంది పెద్దక్క. నేనే అన్నాను. "ఇది అత్తయ్య ఇల్లు కాదే" అంది. కోపంగా అన్లేదు. చిన్నబుచ్చుకుని అంది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

మర్నాడు చిన్నక్క అడిగింది, "అక్కడ వంటంతా నువ్వే చేశావటగా, మావయ్య చెప్పాడు?" ముగ్గురూ నావైపు చూస్తున్నారు. నా నోట్లోంచి మాట ఎలా వచ్చిందో గాని వచ్చేసింది. "మావయ్య గొప్పకి చెప్పాడే. అత్తయ్య మంచం మీంచే అన్నీ చేసుకునేది. నేను నూరేదాన్నంతే." ముగ్గురి మొహాలూ విచ్చుకున్నాయి. చెల్లి ఆ పూటే రోలు నాకు వదిలేసింది. అన్నం పొంగుతుంటే చూస్తూ కూర్చుని, "చిన్నక్కా, వార్చవే" అని కేకేసేదాన్ని. నేను వార్చితే ఈపాటికి అయిపోయేది. అయినా ఆ కేకలో నాకెంత సుఖముండేదో!

ఏడాది తిరిగింది. మళ్లీ మిరపకోతల ముందు మావయ్య కబురు పంపాడు. అత్తయ్యకి నెలలు నిండుతున్నాయట, ఓ పిల్లని పంపమని. "ఈసారి చిన్నది వెళ్తుంది, పోయినేడు జ్వరమొచ్చి ఆగిపోయిందిగా" అంది అమ్మ, మా చిన్నక్కని చూపిస్తూ.

చిన్నక్క ఆ మధ్యాహ్నం నన్ను గడ్డివామి వెనక్కి లాక్కెళ్లింది. "నాకు పొయ్యి వెలిగించడం రాదే. ఎసరెంత పెట్టాలో తెలీదు. అమ్మకి చెప్తే నవ్వుతోంది, నీకు వంట రాకపోవడమేంటే అంటోంది. అక్కడికెళ్లి ఏం చెయ్యను?" అంది.

రెండు పూటల్లో నేర్పగలను. నా నోటిదాకా వచ్చింది. కానీ నేర్పితే, చిన్నక్క వెళ్లి, అన్నీ నేర్చుకుని, నాలాగే తిరిగొచ్చి, నాలాగే రానట్టు నటిస్తూ కూర్చుంటుంది. ఇద్దరం నటిస్తుంటే ఇంక మా వంటింట్లో మిగిలేదేముంది? అది దాని మీద ప్రేమో, ఆ వంటిల్లు అలాగే ఉండాలన్న నా స్వార్థమో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. వెళ్లి అమ్మతో, "నేనే వెళ్తానమ్మా" అన్నాను.

"పోయినేడు వెళ్లావు కదే?"

"నాకక్కడ బాగుంటుంది."

అమ్మ నవ్వింది. పాలకోసం వచ్చిన పక్కింటావిడతో, "దీనికి పుట్టింట్లో కాలు నిలవదమ్మా, మేనమామ ఇల్లంటేనే ప్రాణం" అంది. పెద్దక్క ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది. చిన్నక్క తలొంచుకుంది.

బయల్దేరేటప్పుడు ఈసారి చెల్లి ఏడవలేదు. నా మూట పట్టుకుని బస్సు దాకా వచ్చింది. బస్సు కదలబోతుంటే కిటికీ ఊచలు పట్టుకుని, "మాకన్నా వాళ్లే ఎక్కువా నీకు?" అంది.

నిజం చెప్పాలంటే అన్నీ చెప్పాలి. నాకు వంట వచ్చని చెప్పాలి, చిన్నక్కకి రాదని చెప్పాలి, ఏడాదిగా నాటకమాడుతున్నానని చెప్పాలి.

"అక్కడ జొన్నన్నం బాగుంటుందే" అన్నాను.

చెల్లి ఊచలు వదిలేసింది. అది నా మాట నమ్మింది.