అంజయ్య దుకాణం ఫోను

1999లో నన్ను మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన మా బ్యాంకు కార్డుల విభాగానికి బదిలీ చేశారు. అంతకుముందు తెనాలి దగ్గర ఒక శాఖలో పంట రుణాలు చూసేదాన్ని. హోదా మారలేదు, అదే రెండో స్థాయి ఆఫీసరు. పని మాత్రం పూర్తిగా మారిపోయింది. వరి, పసుపు, కాలువ నీళ్ల మాటలు వదిలేసి, నేను జన్మలో వాడని ప్లాస్టిక్ కార్డుల గురించి పెద్ద తెలిసినదానిలా మాట్లాడాల్సి వచ్చింది. మా ఆఫీసు మేడ మీద నిలబడితే ఒకవైపు కొత్త అద్దాల భవనం, మిగతా వైపులన్నీ బండరాళ్లు కనిపించేవి. మంచి టీ తాగాలంటే చాలా దూరం నడవాలి.

నా బల్లకు ‘మోసాల నివారణ’ అని పేరు పెట్టారు. నిజానికి మేము నివారించింది తక్కువ. జరిగిన మోసాన్ని కనిపెట్టి, ఇంకా జరగకుండా చూడటమే పని. ఆ రోజుల్లో మా కార్డుల వెనక నల్లటి అయస్కాంతపు పట్టీ ఒక్కటే ఉండేది. హోటల్లో బిల్లు కట్టడానికి కార్డు ఇస్తే, దాన్ని లోపలికి తీసుకెళ్లి చిన్న యంత్రంలో ఒకసారి గీకితే చాలు, వివరాలన్నీ నకలైపోయేవి. వాటితో ఇంకో కార్డు తయారు చేసి వాడుకునేవారు. అసలు కార్డు మాత్రం యజమాని జేబులో భద్రంగా ఉండేది. పనిమీద విదేశాలకు వెళ్లిన మన కంప్యూటరు ఇంజనీర్లకు ఇలాంటి బెడద ఎక్కువగా వచ్చేది.

అనుమానం వస్తే ఏం చేయాలో మాకు ఒక పద్ధతి ఉండేది. ముందు దరఖాస్తులో రాసిన ఇంటి నంబరుకు ఫోన్ చేయాలి. మనిషి ఎక్కడున్నాడో అడగాలి. మనిషి ఊళ్లోనే ఉండి, కార్డు విదేశంలో తిరుగుతోందంటే దాన్ని హాట్‌లిస్టులో పెట్టాలి. అంటే ఆ తర్వాత ఎక్కడ గీకినా, కార్డు తిరిగి ఇవ్వకుండా పట్టుకోమని అక్కడి యంత్రం చెబుతుంది.

మల్లేశ్ అనే ఇంజనీరు విషయంలో ఈ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాం. ఒకే మధ్యాహ్నం ఆయన కార్డు కౌలాలంపూర్‌లో ఒక హోటల్లోనూ, పెనాంగ్‌లో ఒక కెమెరాల దుకాణంలోనూ వాడినట్టు సమాచారం వచ్చింది. ఒక మనిషి ఒకేసారి రెండు ఊళ్లలో ఉండలేడు కదా. బోరబండలోని ఇంటి నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి, ఉండమని చెప్పి, గట్టిగా కేక వేసి మల్లేశ్ వాళ్లమ్మను పిలిచాడు. ఆవిడ పేరు సత్తెమ్మ. మీ అబ్బాయి ఎక్కడున్నాడండీ అని అడిగాను.

“డ్యూటీకి పోయిండమ్మా. పొద్దుమీకి వస్తడు.”

“అంటే ఊళ్లోనే ఉన్నాడా అండి?”

“ఊళ్లె గాకుంటె యాడుంటడు?”

దరఖాస్తులో ఉన్న ఆఫీసుకు కూడా ఫోన్ చేశాను. ఆయన ఉద్యోగం మానేశాడని, ఎక్కడ చేరాడో తమకు తెలియదని చెప్పారు. కొంచెం తేడాగా అనిపించింది. కానీ పద్ధతి ప్రకారం ఇంట్లోవాళ్ల మాటే మాట. రెండు ఊళ్లలోనూ వాడింది దొంగలేనని రాసి, కార్డును హాట్‌లిస్టులో పెట్టాం.

మర్నాడు పొద్దున నేను కుర్చీలో కూర్చుంటుండగానే కౌలాలంపూర్ హోటల్ తరఫు బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. గది ఖాళీ చేస్తూ ఒక యువకుడు ఆ కార్డు ఇచ్చాడట. యంత్రం పట్టుకోమంది, పట్టుకున్నారు. తనే మల్లేశ్‌నని అంటున్నాడు, పాస్‌పోర్టులోనూ అదే పేరుంది. ఇతను మీ ఖాతాదారు అవునో కాదో మీ దగ్గర మధ్యాహ్నం భోజనాల లోపు చెప్పండి, కాదంటే పోలీసులకు అప్పగిస్తాం అన్నారు. దొంగ కార్డులతోపాటు దొంగ పాస్‌పోర్టులు కూడా నడిచే కాలమది. మేము కాదంటే ఆ అబ్బాయి మీద రెండు కేసులూ పడతాయి. నిజం తేలేదాకా జైలు. తేలాక కూడా అక్కడ పని చేసుకునే అనుమతి దక్కుతుందని చెప్పలేం.

అతనితో మాట్లాడించమని అడిగాను. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి పేరు, అన్నీ సరిగ్గా చెప్పాడు. అప్పుడే పెనాంగ్ సంగతి కూడా అడిగితే, ఆ ఊరికి తను పోనేలేదన్నాడు. ఇంటికి ఇంకోసారి ఫోన్ చేసి నిర్ధారించుకుంటానని చెప్పగానే గొంతు మారిపోయింది.

“మేడం, మీకు దండం పెడ్తా, మా ఇంటికి మాత్రం ఫోన్ చెయ్యకుండ్రి. అది మా ఇంటి ఫోన్ గాదు.”

ఇంకేదో చెప్పబోతుంటే హోటల్ మేనేజరు ఫోను లాగేసుకున్నాడు.

మా విభాగం పెద్ద మూర్తిగారు. మంచి మనిషే గానీ, నిబంధన దాటి ఒక్క అడుగు వేసేవారు కాదు. “కన్నతల్లికి ఫోన్ చేయొద్దనే కొడుకుని ఎక్కడైనా చూశావటమ్మా? ఆ వివరాలన్నీ దరఖాస్తులో ఉన్నవే. అది చేజిక్కించుకున్నవాడికి తెలియకుండా ఉంటాయా?” అన్నారు. ఆయన వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నాకు మాత్రం ముందురోజు ఫోన్లో విన్న కేక గుర్తొచ్చింది. సొంత ఇంట్లో తల్లిని పిలవడానికి ఎవరూ వీధంతా వినబడేలా అరవరు. మా ఇంటికీ చాలాకాలం ఫోను లేదు. పక్కింటివాళ్ల హాల్లో, వాళ్లందరూ టీవీ గొంతు తగ్గించి వింటుంటే మాట్లాడేవాళ్లం. అలాంటి నంబరు రాసినప్పుడు పక్కన పి.పి. అని రాయడం అప్పట్లో వాడుక. కానీ ఇంట్లో ఫోను లేనివాళ్లకు మా బ్యాంకు కార్డు ఇచ్చేది కాదు. అందుకని కార్డు కావాల్సినవాళ్లు ఆ పి.పి. రాయడం మానేసేవారు. ఇదంతా చెబితే మూర్తిగారు గడియారం వైపు చూసి, వెళ్లి రమ్మన్నారు.

ఆటోలో బోరబండ వెళ్లాను. ఆ ఫోను అంజయ్య అనే ఆయన కిరాణా దుకాణంలో, బిస్కెట్ల సీసాల పక్కన ఉంది. సామాన్లకు వచ్చినవాళ్లు ఐదారుగురు దాని చుట్టూనే నిలబడి ఉన్నారు. సత్తెమ్మగారి ఇల్లు అడిగితే అంజయ్య చూపించకుండా, నన్నే ప్రశ్నలు అడిగాడు.

“నిన్న ఫోన్ జేసింది మీరేనా మేడం? మల్లేశ్‌కు ఏమన్న పరేషానా?”

ఏమీ లేదండి, ఖాతా పని అన్నాను. ఈలోగా సత్తెమ్మే ఎదురింటి గుమ్మంలోకి వచ్చింది. అక్కడ నిలబడి ఏం అడిగినా నిన్నటి జవాబే వస్తుందని నాకు అర్థమైపోయింది. కాసిని మంచినీళ్లు ఇస్తారా అండి అని, ఆవిడ వెనకాలే వంటింట్లోకి నడిచాను. మీ అబ్బాయిని అక్కడ హోటల్లో ఆపేశారండి, మీరు ఇక్కడే ఉన్నాడంటే అక్కడున్నవాడిని దొంగ అంటారు అని చెప్పాను. ఆవిడ వీధివైపు చూసి, గొంతు తగ్గించమని నాకు సైగ చేసింది.

“పోయినసారి పయనమైతే బస్తీకంత దావత్ ఇచ్చినం. ఆఖరికి వీసా రాలే. అందరు నవ్విన్రమ్మా. నా కొడుకు గా దుకాణం ముంగట నుంచి నడుసుడే బంద్ జేసిండు. గందుకే ఈసారి ఎవ్వరికి చెప్పలే. ఆడ కుదురుకున్నంక చెప్దామనుకున్నం. నిన్న నువ్వు అడిగినప్పుడు అంజయ్య పక్కకే ఉండె. నలుగురు ఇంటుంటే నేనేం చెప్పాలె?”

ఆఫీసుకు రమ్మంటే చీర కూడా మార్చుకోకుండా బయల్దేరింది. దుకాణం ముందు ఎవరో ఎక్కడికని అడిగితే, బ్యాంకులో సంతకం ఉందని ఆటోలోంచే చెప్పింది.

మూర్తిగారి గదిలో స్పీకరు ఉన్న ఫోనుకు హోటల్‌ను కలిపారు. మా వాళ్లందరూ వింత చూడటానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మాట్లాడండమ్మా అని మూర్తిగారు ఒకటికి రెండుసార్లు అన్నారు. సత్తెమ్మ గుమ్మం వైపే చూస్తూ, “జర తలుపు ఎయ్యున్రి సారూ,” అంది. ఆయన లేచి, అందరినీ పంపించేసి, తనే తలుపు వేశారు.

“బిడ్డా, నేను రా,” అంది సత్తెమ్మ.

అవతలి నుంచి ఆ అబ్బాయి గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది. “అమ్మా, అంజన్న దుకాణంల నుంచా?”

కాదురా, బ్యాంకులకెల్లి అని ఆవిడ ఏడ్చేసింది. మూర్తిగారు ఇంకే ప్రశ్నా అడగలేదు. ఏ దొంగకూ ఆ దుకాణం గురించి అంత భయం ఉండదు. ఫోను అందుకుని, ఆ మనిషి మా ఖాతాదారేనని హోటల్‌కూ వాళ్ల బ్యాంకుకూ చెప్పారు.

మిగిలింది మామూలు పనే. మల్లేశ్‌కు అత్యవసరపు కార్డు పంపించాం. హోటల్ బిల్లు అతని ఖాతాలోనే ఉంచి, పెనాంగ్ కొనుగోళ్లను మాత్రం అక్కడి దుకాణం బ్యాంకు మీదికి తిప్పి పంపాం. దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. వాళ్లు కొంతకాలం వాదించి ఒప్పుకున్నారు. మల్లేశ్ అక్కడే పనిలో కుదురుకున్నాడు. ఆ తర్వాత సత్తెమ్మ బస్తీకి చెప్పిందని, అంజయ్యకు మిఠాయి కూడా పంపిందని విన్నాను.

ఫైలు మూసేటప్పుడు పొరపాటుకు కారణం రాయాలి. ఇంట్లోవారు తప్పుడు సమాచారం ఇచ్చారని మా గుమాస్తా రాసి తెచ్చాడు. అది కొట్టేసి, నలుగురి మధ్య అడిగినందువల్ల సరైన సమాచారం రాలేదని రాశాను. మూర్తిగారు చదివి సంతకం పెట్టారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఇంటికి ఫోన్ చేసినా నేను మొదట అడిగేది, మీకిప్పుడు మాట్లాడటానికి వీలుందా అండి అని. నిబంధనల్లో ఆ ప్రశ్న ఎప్పుడూ చేర్చలేదు. వీలుకాదన్నవాళ్లకు నా నంబరు ఇచ్చి పెట్టేసేదాన్ని. వాళ్లలో చాలామంది తర్వాత వేరే చోటు నుంచి ఫోన్ చేసి, వేరే జవాబు చెప్పారు.